బెంగళూరు చిన్న హోటళ్ళు: తెలుగు నాలుకతో ఒక పరిశీలన

బెంగళూరులో కొత్తగా కనిపించిన చిన్న హోటల్‌లోకి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడానికి నేను మొదట చూసేది గోడ మీది ధరల బోర్డును. దాని మీద పదికి లోపు పేర్లుంటే నిశ్చింతగా లోపలికి నడుస్తాను. ఇడ్లీతో మొదలై పూరీ, పరోటా, గోబీ మంచూరియా, పన్నీర్ బటర్ మసాలా, నూడుల్స్, పావ్ భాజీ, ఆపైన రకరకాల జ్యూసులు అంటూ బోర్డు కిందికంటా దిగి ఉంటే మరో వీధి చూసుకుంటాను. ఈ కొలత అన్ని ఊళ్ళలోనూ పనిచేస్తుందని చెప్పను గానీ, బెంగళూరు టిఫిన్ హోటళ్ళ విషయంలో మాత్రం ఇంతవరకు నన్ను పెద్దగా నిరాశపరచలేదు. ఉద్యోగం కోసమో చదువు కోసమో ఇక్కడికి వచ్చి, మొదటి వారంలోనే ‘ఇక్కడ సాంబారు తియ్యన, చట్నీ నీళ్ళు’ అని తీర్పు చెప్పేసి, మారతహళ్ళిలో ఏదో ఒక తెలుగు మెస్సులో నెలవారీ ఖాతా పెట్టేసుకునే మనవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. మెత్తటి సోఫాలూ, చల్లటి గదులూ ఉన్న రెస్టారెంట్ల జోలికి ఇందులో పోవడం లేదు.

మెనూ చిన్నదైతే వంట ఎందుకు బాగుంటుందన్న లెక్క తేలికైనదే. నాలుగు రకాలే అమ్మే హోటల్‌లో రుబ్బిన పిండి ఆ పూటకే చెల్లిపోతుంది, ఆవిరి పెట్టెలోంచి దిగిన ఇడ్లీలు నిమిషాల్లో పళ్ళేల్లోకి వెళ్ళిపోతాయి, చట్నీ గిన్నె గంటగంటకూ ఖాళీ అయి కొత్తది వస్తుంది. కొబ్బరి చట్నీ రుచి అంతా దాని తాజాదనంలోనే ఉంది కాబట్టి ఈ ఒక్క కారణం చాలు. నలభై రకాలు అమ్మే హోటల్‌కు ఇది సాధ్యపడదు. ఉల్లిపాయ, టమాటా కలిపిన ఒకే గ్రేవీని పొద్దున్నే చేసి పెట్టుకుని, అడిగినవాళ్ళు అడిగిన పేరుకు తగ్గట్టు అందులో పన్నీరో బఠాణీయో వేసి వేడిచేసి ఇవ్వడం తప్ప అక్కడి వంటవాళ్ళకు వేరే దారి ఉండదు. ఆ వంటింట్లో ఇడ్లీ ఒక మూలకు పడిపోతుంది.

పొట్టి మెనూకు ఈ ఊళ్ళో అందరూ చూపించే ఉదాహరణ శంకరపురంలో 1965 నుంచి నడుస్తున్న బ్రాహ్మిన్స్ కాఫీ బార్. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, టీ: ఇంతే. దోశ లేదు, సాంబారు అసలే లేదు. సాంబారు లేని ఇడ్లీ హోటల్ అనగానే మనవాళ్ళు ముఖం చిట్లిస్తారు గానీ, అక్కడ పళ్ళెం చేతికి వచ్చాక సాంబారు సంగతి గుర్తుకు రాదు. ఇడ్లీ మునిగేంతగా చట్నీ పోస్తారు. అయిపోతే పళ్ళెం పట్టుకెళ్ళి అడిగితే మళ్ళీ పోస్తారు. కొబ్బరి, పచ్చిమిర్చి రుచి ముందుకు వచ్చే పల్చని చట్నీ అది. చెంచాతో ఇడ్లీని తుంచగానే చట్నీ లోపలికి ఇంకిపోతుంది, అయినా ఇడ్లీ విడిపోయి ముద్దయిపోదు. పిండి పాళ్ళు, రవ్వ ముతకదనం, పులియబెట్టిన తీరు మూడూ కుదిరితే గానీ ఇది జరగదు. వడను మాత్రం చట్నీలో నానేదాకా ఉంచకుండా ముందుగా తినెయ్యడం మంచిది, ఎందుకంటే పైన కరకరలాడే పొర దాని సొగసులో సగం. కూర్చోవడానికి కుర్చీలు వెతుక్కోవద్దు. రోడ్డు పక్కనే నిలబడి తినాలి.

ఖారాబాత్ గురించి ఒక మాట చెప్పాలి. మనం దాన్ని చూసి ఉప్మా అని తీసిపారేస్తాం. నిజానికి ఇక్కడి ఖారాబాత్‌లో రవ్వ సన్నగా, నూనె ధారాళంగా, కూరగాయ ముక్కలు ఎక్కువగా ఉంటాయి, మసాలా పొడి కూడా పడుతుంది. అది గరిటెకు అంటుకోకుండా జారుతుంది. దాని పక్కనే కేసరిబాత్ పెట్టి ఇస్తే ఆ రెంటినీ కలిపి చౌచౌబాత్ అంటారు. తీపీ కారమూ ఒకే పళ్ళెంలో ఉంటే ముందు కారం ముగించి తరువాత తీపి తినడం మన అలవాటు. ఇక్కడివాళ్ళు ఒక చెంచా ఇటు, ఒక చెంచా అటు తింటారు. నాకు మొదట్లో వింతగా అనిపించిన ఆ పద్ధతే ఇప్పుడు సరైనదిగా తోస్తున్నది. మల్లేశ్వరంలో మార్గోసా రోడ్డు మీద ఉన్న వీణా స్టోర్స్‌లో కూడా ఇదే మర్యాద, ఇవే నాలుగు రకాలు, అదనంగా పులియోగరె లాంటివి ఒకటి రెండు. అక్కడి ఇడ్లీ నా లెక్కలో శంకరపురం ఇడ్లీ కంటే ఒక పాలు మెత్తన. ఎవరిది మేలన్న వాదన ఈ ఊళ్ళో శంకరపురం వైపున్న బసవనగుడివాళ్ళకూ మల్లేశ్వరంవాళ్ళకూ మధ్య తేలేది కాదు, నేను అందులో వేలు పెట్టను.

నిలబడి తినే ఈ అలవాటుకు ఊరంతటా రూపం ఇచ్చినవి దర్శినులు. 1983లో ఆర్. ప్రభాకర్ అనే ఆయన ఆలోచనతో జయనగర్‌లో కెఫే దర్శిని మొదలైంది. ఆ తరువాత అదే నమూనాలో వీధికొకటి చొప్పున వెలిశాయి. ముందు క్యాష్ కౌంటర్ దగ్గర డబ్బు కట్టి బిల్లు తీసుకోవాలి, దాన్ని వంటింటి గట్టు మీద పెట్టాలి, పళ్ళెం రాగానే ఛాతీ ఎత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి, ఖాళీ పళ్ళేన్ని తొట్టిలో వెయ్యాలి. సర్వర్లు, కుర్చీల ఖర్చు తగ్గడంతో ధరా తగ్గింది; మనిషి కూర్చోకపోవడంతో పది నిమిషాల్లో చోటు మరొకరికి దొరికింది. ఒక గదిలో ఒక పూటకు వందల మందికి పెట్టగలగడం వల్లనే ఇడ్లీ, వడ, కాఫీ కలిపి ఇప్పటికీ చాలా దర్శినుల్లో వంద రూపాయల చుట్టుపక్కల తేలిపోతున్నాయి. వంటిల్లు కళ్ళెదురుగా ఉండడం దీనిలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. గట్టుకు అవతల ఏ చెయ్యి ఏం చేస్తున్నదో మనకు కనిపిస్తూనే ఉంటుంది.

అయితే దర్శిని అని పేరున్న ప్రతిదీ మంచిది కాదు. మా ఇంటి దగ్గరి ఒకటి, పేరు అనవసరం, మొదట్లో తట్టె ఇడ్లీకి పేరుపడింది. బెంగళూరు-మైసూరు దారిలోని బిడది వైపు ప్రసిద్ధమైన ఆ ఇడ్లీ పళ్ళెమంత వెడల్పున, మీద కరుగుతున్న వెన్నతో వస్తుంది. ఒక్కటి తింటే పూట గడిచిపోతుంది. వ్యాపారం పెరిగాక ఆ యజమాని పక్క షాపును కూడా అద్దెకు తీసుకుని, నార్త్ ఇండియన్ అనీ చైనీస్ అనీ రెండు కౌంటర్లు తెరిచాడు. పాత వంటమనిషిని కొత్త కౌంటర్‌కు మార్చినట్టున్నారు. ఏడాది తిరగకుండానే తట్టె ఇడ్లీ అడుగున గట్టిపడిపోయి, సాంబారులో ముక్కలు పూర్తిగా కరిగిపోయి, మసాలా దోశలో కూర చల్లగా రావడం మొదలైంది. అక్కడ ఇప్పుడు రద్దీ మునుపటికంటే ఎక్కువే, కానీ పొద్దున పూట వచ్చే పాత ముఖాలు కనబడవు.

ఇక మనవాళ్ళ ఫిర్యాదుల సంగతి. పల్లీ చట్నీ, అల్లం పచ్చడి, కారప్పొడి నెయ్యితో ఇడ్లీ తిని పెరిగిన నాలుకకు ఇక్కడి చట్నీ చప్పగా అనిపించడం సహజమే. మన హోటళ్ళలో ఇడ్లీ చాలావరకు చట్నీల కోసం తింటాం. నాలుగు గిన్నెల చట్నీలున్న హోటల్‌నే మంచి హోటల్ అంటాం. ఇక్కడ చట్నీ ఒక్కటే ఉండడంతో ఇడ్లీలోని మినప వాసన, కొద్దిపాటి పులుపు బయటపడతాయి. రెండు మూడు సార్లు కారప్పొడి అడగకుండా తిని చూస్తే ఇది తెలుస్తుంది. సాంబారులో బెల్లం సంగతికి కారణం హోటళ్ళు పెట్టినవాళ్ళ ఊరు. బెంగళూరు పాత శాకాహార హోటళ్ళలో ఎక్కువ భాగం ఉడిపి ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు పెట్టినవే, ఆ తీరప్రాంతపు వంటలో పులుపుకు జతగా బెల్లం పడుతుంది. మన జిల్లా కేంద్రాల్లో బస్టాండు ఎదురుగా ఉండే ‘ఉడిపి హోటల్’ కూడా వాళ్ళ దారిలో వచ్చినదే, కాకపోతే మన దగ్గర బెల్లం తగ్గి కారం పెరిగింది. అయినా తియ్యటి సాంబారు నాకు ఈనాటికీ అంతగా రుచించదు. అందుకే సాంబారును వేరే గిన్నెలో పెట్టమని అడుగుతాను, లేదా చట్నీతోనే సరిపెట్టుకుంటాను.

దోశ దగ్గరికి వస్తే, ఈ ఊరి దోశ మన దోశకు దగ్గరి చుట్టం కూడా కాదు. గాంధీబజార్‌లో 1943లో మొదలైన విద్యార్థి భవన్‌కు వెళ్ళి పెనం కనిపించే చోట కాసేపు నిలబడాలి. దోశ మాస్టర్ పెనం మీద నీళ్ళు చిలకరించి చీపురుతో ఒక్క ఊపు ఊడుస్తాడు. ఆవిరి లేచి పెనం వేడి కాస్త దిగుతుంది, అప్పుడే పిండి గరిటెకు అంటుకోకుండా గుండ్రంగా తిరుగుతుంది. వరసగా దోశలు వేసి, వాటి మీద నెయ్యి ధారగా పోసి, అంచులు ఎరుపెక్కేదాకా కదల్చకుండా వదిలేస్తారు. మన హోటల్‌లో పేపర్ దోశ కోసం పిండిని ఎంత పల్చగా లాగితే అంత గొప్ప. ఇక్కడ మందంగా ఉంచి, అడుగు భాగాన్ని మాత్రం నేతిలో వేయించినట్టు కాలుస్తారు. విరిస్తే పైపొర చిటుక్కుమంటుంది, లోపల దూది మెత్తదనం. పిండిలో పడే మెంతులు, అటుకులు ఆ రంగుకూ మెత్తదనానికీ మూలం. బంగాళాదుంప కూర తక్కువగా ఉంటుంది, చట్నీ మరీ పల్చగా ఉంటుంది. రెండూ కావాలనే అలా ఉంచారనీ, నేతి దోశ బరువుకు ఆ నీళ్ళ చట్నీయే తగినదనీ తింటే తెలుస్తుంది.

అక్కడి సర్వర్లు ఒక చేతి మీద భుజం దాకా దోశ పళ్ళేలు పేర్చుకుని, మరో చేత్తో ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతూ పోవడం చూడ్డానికే కొందరు వెళతారు. గోడల మీద కన్నడ రచయితల బొమ్మలున్నాయి. బల్ల పంచుకోవడం అక్కడ మామూలే. ఎదుట కూర్చున్న అపరిచితుడు మన దోశ వచ్చేదాకా తన దోశ తింటూ ఉంటే మొహమాటపడనక్కర్లేదు. మల్లేశ్వరంలో సీటీఆర్‌గా ఊరందరికీ తెలిసిన హోటల్ బోర్డు మీద ఇప్పుడు ‘శ్రీ సాగర్’ అని ఉంటుంది. అక్కడి బెన్నె మసాలా దోశ, అంటే వెన్న దోశ, విద్యార్థి భవన్ దోశకంటే కరకర ఎక్కువ, నా రుచికి కొంచెం దగ్గర. మైసూరు మసాలా దోశ అడిగితే లోపల వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపిన ఎర్రచట్నీ పూస్తారు. నెల్లూరు వైపు ఎర్రకారం దోశ తిన్నవాళ్ళు దాన్ని తలచుకుని అడగవచ్చు గానీ కారం అందులో సగం కూడా ఉండదు.

లాల్‌బాగ్ రోడ్డులోని మావళ్ళి టిఫిన్ రూమ్స్, అంటే ఎంటీఆర్, చిన్న హోటల్ కోవలోకి వస్తుందా అన్నది అనుమానమే. కానీ 1924లో ఉడిపి ప్రాంతపు మయ్య సోదరులు ఒక చిన్న కాఫీ హోటల్‌గానే దాన్ని మొదలుపెట్టారు, ఇప్పటి చోటికి 1960లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బర్మా జపాన్ చేతుల్లోకి పోవడంతో అక్కడి నుంచి బియ్యం రావడం ఆగిపోయింది. బియ్యం కొరత వచ్చినప్పుడు బొంబాయి రవ్వతో చేసిన ప్రయోగమే రవ్వ ఇడ్లీ అని ఎంటీఆర్ చెబుతుంది. మన ఊళ్ళలో రవ్వ ఇడ్లీ అంటే ఆదరాబాదరాగా పెరుగు కలిపి సోడా వేసి చేసే పొడిపొడి పదార్థం. ఇక్కడిది వేయించిన రవ్వ వాసనతో, మధ్యమధ్య జీడిపప్పు, ఆవాలు తగులుతూ, పక్కన నెయ్యి, కూరగాయలతో చేసే ‘సాగు’ అనే కూరతో వస్తుంది. దీని కోసం వరసలో నిలబడవచ్చునని నా అభిప్రాయం. భోజనం కోసం నిలబడడం మాత్రం ఆకలినీ ఓపికనూ బట్టి ఎవరికి వారు తేల్చుకోవలసిందే, ఎందుకంటే ఒకదాని తరువాత ఒకటి వచ్చే వడ్డన పూర్తి కావడానికి చాలాసేపు పడుతుంది.

ఎమర్జెన్సీ కాలంలో హోటళ్ళలో తిండి ధరలు బాగా తగ్గించి అమ్మాలని ఆంక్ష వచ్చినప్పుడు, ఆ ధరకు తమ నాణ్యత నిలబెట్టడం కష్టమై ఎంటీఆర్‌వాళ్ళు పొడులు, మిక్స్‌ల వ్యాపారంలోకి దిగారు. అలా మొదలైన ప్యాకెట్ల కంపెనీని 2007లో నార్వే దేశపు ఓర్క్లా కొనుగోలు చేసింది, హోటల్ మాత్రం కుటుంబం చేతిలోనే ఉంది. కిరాణా కొట్లో కొన్న గులాబ్‌జామ్ పొడిని బట్టి లాల్‌బాగ్ రోడ్డు వంటింటిని అంచనా కట్టడం అందువల్ల సరికాదు.

కాఫీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే, కొడగు, చిక్కమగళూరు తోటలు ఊరికి ఒక పూట ప్రయాణంలో ఉన్నాయి. మరీ చెడ్డ కాఫీ ఇక్కడ దొరకడం కష్టం. ఇద్దరు వెళ్ళి ‘బై టూ’ అని ఒకే కాఫీని రెండు గ్లాసుల్లో పోయించుకుంటే ఎవరూ చిన్నచూపు చూడరు. మన దగ్గర టీకి ఉన్న ఈ వెసులుబాటు కాఫీకి కూడా ఉండడం బాగుంది.

మాంసాహారులకు ఈ ఊరు ఇచ్చే బహుమానం మిలిటరీ హోటళ్ళు. జయనగర్‌లోని శివాజీ మిలిటరీ హోటల్ లాంటి చోట ఆకు దొన్నెలో బిర్యానీ పెడతారు. పొట్టి గింజ బియ్యం, పుదీనా కొత్తిమీరల ఆకుపచ్చ రంగు, మిరియాల ఘాటు. హైదరాబాద్ బిర్యానీతో దీన్ని పోల్చి పెదవి విరిచే తెలుగువాళ్ళను చూశాను. పోలిక తేవలసిన వస్తువు మన పలావు. ఇలాంటి హోటళ్ళలో రాగి ముద్ద, దాని పక్కన మటన్ పులుసో నాటుకోడి పులుసో పెడతారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలువాళ్ళకు ఇది ఇంటి తిండే. తేడా ఒక్కటి: మన సంగటిలో అన్నం కలుస్తుంది, ఇక్కడి ముద్దలో చాలావరకు రాగి పిండి ఒక్కటే ఉంటుంది, కాబట్టి నునుపుగా జారుతుంది, నమలకుండా మింగాలి. చలికాలంలో వీవీ పురం తిండి వీధికి వెళితే అవరెకాయలతో దోశలూ ఉప్మాలూ వడలూ చేసి అమ్ముతారు. అవి చిక్కుడు జాతికి చెందిన మన అనపకాయలే. నానబెట్టి తొక్క పితికిన పప్పుతో చేసే పులుసు తింటే చిత్తూరు జిల్లావాళ్ళకు పితికిపప్పు గుర్తుకు రాక తప్పదు.

ఆంధ్రా భోజనం కావాలంటే ఈ ఊళ్ళో కరువు లేదు. ‘ఆంధ్రా స్టైల్’ అన్న బోర్డు బెంగళూరులో ఒక ప్రత్యేకమైన హోటల్ జాతికి పేరైపోయింది. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున దగ్గర మధ్యాహ్నం నిలబడే వరసలో తెలుగు మాట కంటే కన్నడ, హిందీ, ఇంగ్లీషు ఎక్కువ వినిపిస్తాయి. అరిటాకు, పప్పు, కందిపొడి, నెయ్యి, గోంగూర, అడిగినంత అన్నం. ఈ భోజనం మేరకు ఆ హోటళ్ళు బాగుంటాయి. పచ్చిమిర్చి దట్టించి చేసే ‘ఆంధ్రా చిల్లీ చికెన్’ను మాత్రం మన వైపు ఆ రూపంలో, ఆ పేరుతో నేను తినలేదు, అది బెంగళూరు సృష్టి అనే నా అనుమానం, సృష్టి ఎవరిదైనా రుచి గట్టిదే. మారతహళ్ళి, బీటీఎం ప్రాంతాల మెస్సుల్లో పునుగులు, పెసరట్టు, కారం దోశ దొరుకుతాయి, ఇంటి మీద బెంగ ఉన్న రోజున అవి అక్కరకు వస్తాయి. కానీ వాటిలో చాలా మెస్సులు అన్ని జిల్లాల కూరలనూ ఒకే రోజు వండాలని చూస్తాయి, ఫలితంగా దొండకాయ వేపుడుకూ బెండకాయ వేపుడుకూ ఒకటే కారం, ఒకటే నూనె. నేను కొంతకాలం తిన్న ఒక మెస్సులో పేరు మారినా రుచి మారని పప్పు ప్రతిరోజూ వచ్చేది. బోర్డు పొడవు కొలత మనవాళ్ళ హోటళ్ళకూ వర్తిస్తుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి సులువే. పాత హోటళ్ళలో చాలావరకు మెట్రో గ్రీన్ లైన్‌కు అటూ ఇటూ ఉన్నాయి: మల్లేశ్వరానికి సంపిగె రోడ్డు స్టేషన్, ఎంటీఆర్‌కు లాల్‌బాగ్, గాంధీబజార్‌కు నేషనల్ కాలేజీ. కారులో వెళితే దోశ తినడానికి పట్టే సమయం కంటే బండి ఆపే చోటు వెతకడానికి పట్టేది ఎక్కువ. ఆదివారం ఉదయం ఎనిమిది దాటాక ఎక్కడికీ వెళ్ళవద్దు. మామూలు రోజుల్లో ఏడింటికి వెళితే వరస ఉండదు, వంటవాళ్ళ చేతులూ అప్పుడే చురుగ్గా ఉంటాయి. విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు. ఒకే పూటలో నాలుగు హోటళ్ళు చుట్టివస్తామని బయలుదేరేవాళ్ళు మొదటి హోటల్‌లో ఒక ఇడ్లీ, రెండో చోట ఇద్దరికి ఒక దోశ అనుకుంటే గానీ మూడో చోటికి ఆకలి మిగలదు. ఇక యాప్‌లో తెప్పించుకుని తిని ఈ హోటళ్ళకు మార్కులు వేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది: నేతి దోశను రేకు కాగితంలో చుట్టి అరగంట బండి మీద తిప్పితే తన ఆవిరికి తానే మెత్తబడుతుంది, అప్పుడు తినేది పెనం మీద నుంచి దిగిన దోశ కాదు. అక్కడికి వెళ్ళి నిలబడి తినే వీలు లేని రోజున ఇంట్లో ఉప్మా చేసుకోవడం మేలు.